కరక్కాయ తాగిన గుడ్డ

గత రమజాను మాసంలో మా ఇంట ఒక చిన్న అవమానం జరిగింది. ఇఫ్తారుకు బంధువులను పిలిచి, కొత్త దస్తర్ఖాన్ పరిచాము. అది నగరంలోని ఒక పెద్ద దుకాణంలో కొన్నది. అచ్చమైన బందరు కలంకారీ అనీ, చెట్ల రంగులు తప్ప మరేమీ వాడలేదనీ చెబితే నమ్మాము. పుచ్చకాయ ముక్కల పళ్ళెం నుంచి కారిన నీరు ఒక మూలను తడిపింది. మగ్రిబ్ నమాజు ముగించుకొని వచ్చేసరికి అక్కడి తీగల నలుపు కరిగి పళ్ళెం అడుగుకు అంటింది. చాచా గారి తెల్ల లాల్చీ చేతికి కూడా అంటింది.

ఎవరూ ఏమీ అనలేదు. మా అమ్మీ మాత్రం మౌనంగా లేచి వెళ్ళి, పెట్టె అడుగు నుంచి దాదీ దస్తర్ఖాన్ తెచ్చి దాని స్థానంలో పరిచింది. ఆ గుడ్డ వయస్సు అరవై ఏళ్ళ పైమాటే. ఎరుపు వెలిసి పాత ఇటుక రంగుకు దిగింది. అక్కడక్కడ చిల్లులు పడ్డాయి. కానీ షర్బత్ ఒలికినా, హలీమ్ ఒలికినా, దాని నలుపు ఉన్న చోటు నుంచి కదలలేదు.

“దీని రంగు ఎందుకు పోవడం లేదు?” అని పదేళ్ళ మా అబ్బాయి అడిగాడు.

“దీనికి కరక్కాయ తాగించారు నాయనా” అంది అమ్మీ.

ఆమెకు తెలిసింది అంతవరకే. ఆ మాట ఆమె తన అత్తగారి నోట విన్నది. గుడ్డకు కరక్కాయ తాగించడమేమిటో మాలో ఎవరికీ తెలియదు. కరక్కాయ అంటే మాకు గొంతు బొంగురుపోయినప్పుడు బుగ్గన పెట్టుకునే వగరు ముక్క మాత్రమే. ఆ మాట వెంటపడి, శీతాకాలంలో ఒక సెలవు నాడు మేము నలుగురం విజయవాడ నుంచి పెడనకు వెళ్ళాము.

బయలుదేరే ముందు రోజు, అబ్బాయికి కరక్కాయ చూపించాలని వన్‌టౌన్‌లో ఒక మూలికల దుకాణానికి వెళ్ళాము. దుకాణం పెద్దాయన ఓపిక గలవాడు. పిల్లవాడి ముందు మూడు సరుకులు కాగితం మీద పోసి చూపించాడు. ఒకటి కరక్కాయ. గోధుమ రంగులో, ఎండి గీతలు తేలిన గట్టి కాయ. రెండవది వంకర తిరిగి, లోపల గుల్లగా, చిన్న కొమ్ములా ఉంది. అది కర్కాటకశృంగి. ఉర్దూలో కాక్డాసింగీ అంటారు. మూడవది కన్నీటి బొట్లవంటి లేత పసుపు బంక, రూమీ మస్తగీ. యూనానీ హకీములు ఉదరానికి ఇస్తారు. మిఠాయి చేసేవారు హల్వాలో సువాసనకు వేస్తారు.

ఈ మూడింటిలో చివరి రెండింటికీ ఒక దూరపు చుట్టరికం ఉంది. ఆ చుట్టరికం అరబ్బులు బుత్మ్ అని పిలిచే చెట్టుతో. ఆంగ్లంలో దాని పేరు టెరిబింత్. మస్తగీ ఇచ్చే పొద, కర్కాటకశృంగి దొరికే హిమాలయపు చెట్టు, మనం పండుగనాడు సేమ్యాలో వేసుకునే పిస్తా, ఇవన్నీ బుత్మ్ ప్రజాతికే చెందినవి. పిస్తా తోటలు వేసే రైతులు బుత్మ్ వేరుకే పిస్తా కొమ్మను అంటుకడతారు. కర్కాటకశృంగి కాయ కాదు, పువ్వూ కాదు. చిన్న పురుగు కుట్టిన చోట చెట్టు తనను తాను కాపాడుకుంటూ పెంచుకున్న బుడిపె. పీత కొమ్ములా ఉంటుందని ఆ పేరు. మా దాదీ పిల్లల దగ్గుకు తేనెలో అరగదీసి నాకించేది. ఇప్పుడు మేము వైద్యుని అడగకుండా ఆ సాహసం చేయము.

షామ్ దేశాల ప్రజల జ్ఞాపకంలో బుత్మ్‌కు ఉన్న స్థానం చాలా పెద్దది. మహాప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) బాల్యంలో పెదనాన్న అబూ తాలిబ్ బిడారంతో షామ్ వెళ్ళినప్పుడు బహీరా అనే సన్యాసి వారిని చూసిన వృత్తాంతం సీరత్ గ్రంథాలు చదివే ఇళ్ళలో అందరికీ తెలుసు. ఆ కథనంలో ఒక చెట్టు నీడ వస్తుంది. జోర్డాన్ ఎడారిలో ఒంటరిగా నిలిచిన ఒక ముసలి బుత్మ్ వృక్షాన్ని చూపి, ఆ చెట్టు ఇదేనని అక్కడివారు చెబుతారు. అది వారి విశ్వాసం, నిరూపణ కాదు. హజ్రత్ ఇబ్రాహీం (అలైహిస్సలాం) నివసించిన ఖలీల్ పట్టణం వద్ద కూడా అటువంటి పురాతన వృక్షం ఒకటి ఉండేదని, అది లోకం పుట్టిననాటిదని జనం అనుకునేవారని మొదటి శతాబ్దపు యూదు చరిత్రకారుడు జోసిఫస్ వ్రాశాడు.

చెట్టు గొప్పదనం నీడతో ఆగలేదు. గాటు పెడితే కారే బంకను మందుకూ ధూపానికీ వాడేవారు. తుర్కియా తీరంలో ఉలుబురున్ వద్ద, 3,300 ఏళ్ళ నాడు మునిగిన ఓడ ఒకటి 1982లో బయటపడింది. దానిలో నూరుకు పైగా జాడీలు ఉంటే, వాటిలో ఎక్కువ భాగం ఈ బంకతోనే నిండి ఉన్నాయి. నేడు రంగుల దుకాణంలో కొనే టర్పెంటైన్‌కు ఆ పేరు వచ్చింది టెరిబింత్ నుంచే, సరుకు దేవదారు జాతి చెట్ల నుంచి తీస్తున్నా సరే. తుర్కియాలోని గాజియాంతెప్ ప్రాంతంలో దాని కాయలను వేయించి నూరి, కాఫీలా కాచి త్రాగుతారు. పిస్తా చెట్ల ఆకుల మీది బుడిపెలను ఖురాసాన్, బుఖారా ప్రాంతాల వారు తోలు ఊనడానికీ, పట్టుకు రంగు పట్టించడానికీ వాడేవారు. ఈ చివరి మాటను పాఠకులు గుర్తుంచుకోవాలి. మా ప్రయాణం దాని చుట్టూనే తిరిగింది.

మన కృష్ణా డెల్టాలో బుత్మ్ పెరగదు. దాని పెద్ద కుటుంబం మాత్రం మన పెరట్లోనే ఉంది. మామిడి ఆ కుటుంబంలోదే. నూజివీడు రసాలు తొడిమ విరిచినప్పుడు చిమ్మే సొన వాసన చూసినవారికి టర్పెంటైన్ వాసన వేరే చెప్పనక్కరలేదు. జీడిమామిడి అదే వంశం. చాకలివారు ఏ ఇంటి బట్ట ఆ ఇంటికి చేరేలా గుర్తు పెట్టే నల్లజీడి కూడా అదే వంశం. ఆ గుర్తు ఎన్ని ఉతుకులకూ పోదు. నల్లజీడిని అరబ్బులు బలాజుర్ అంటారు. ‘ఫుతూహుల్ బుల్దాన్’ వ్రాసిన 9వ శతాబ్దపు మహా చరిత్రకారుడు బలాజురీకి ఆ పేరు రావడానికి, ఆయనో ఆయన తాతగారో జ్ఞాపకశక్తి కోసం ఆ గింజను మితిమీరి సేవించడమే కారణమని చెబుతారు. ఈ కథ విన్నప్పటి నుంచి మా అబ్బాయి పరీక్షల ముందు బాదంపప్పు తినడానికి కూడా సందేహిస్తున్నాడు.

ఇక కరక్కాయ. దాని కుటుంబం వేరు, తాని చెట్టూ మద్దిచెట్టూ దాని బంధువులు. కానీ షామ్‌లో, ఖురాసాన్‌లో బుత్మ్ వంశం చేసిన పనులు ఇక్కడ చేసింది అదే: మందు, తోలు, రంగు. సంస్కృతపు హరీతకి ఫార్సీలో హలీలా అయింది, అరబ్బీలో ఇహ్లీలజ్ అయింది. ఇబ్నె సీనా తన ‘అల్ ఖానూన్’లో దాని గుణాలు వ్రాశాడు. మన త్రిఫల యూనానీ వైద్యంలో ఇత్రీఫల్ అయింది. పిందెగా ఎండితే హలీలా సియాహ్, పండితే హలీలా జర్ద్, బాగా బలిసిన పెద్ద కాయ హలీలా కాబులీ. కాబుల్‌లో పండేది కాదు, కాబుల్ దారిన పడమటికి పోయేది కాబట్టి ఆ పేరు. దుకాణం పెద్దాయన పావు కిలో పొట్లం కట్టి అబ్బాయి చేతికిచ్చాడు. వాడు అక్కడే ఒక ముక్క కొరికి, ముఖం వికారంగా పెట్టాడు. నాలుకను పట్టి లాగినట్టుండే ఆ వగరు కలిగించే పదార్థమే గుడ్డకు కావలసిందని మరునాడు తెలిసింది.

విజయవాడ నుంచి బందరుకు దాదాపు 70 కిలోమీటర్లు. కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు. ఉయ్యూరు దగ్గర చెరకు లోడు ట్రాక్టర్ల వెనుక చాలాసేపు మెల్లగా నడవాల్సి వచ్చింది. కోసిన వరి పనలు కొన్ని చేలలో ఇంకా పరిచి ఉన్నాయి, కొన్ని చేలలో వాటి కిందనే మినుము మొలకలు లేచాయి. మంచు ఎనిమిదింటి దాకా విడవలేదు. దారి పొడుగునా ఎక్కడో ఒకచోట కాలువ కనబడుతూనే ఉంది. 1855 నాటికి ఆనకట్ట పూర్తయింది, ఆ తరువాత 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. అక్కడ ఆపిన కృష్ణనీరే ఈ చేలన్నిటికీ అన్నం పెడుతోంది. అద్దకం వారికి కూడా ఆ నీరే అన్నం పెడుతోందని అప్పటికి మాకు తోచలేదు.

బందరు అనే పేరే ఫార్సీ మాట. రేవు అని అర్థం. మచిలీపట్నం అని కాగితాల మీద వ్రాసుకున్నా, చుట్టుపక్కల పల్లెల నోటికి అది ఇప్పటికీ బందరే. పెడన అక్కడికి పది కిలోమీటర్ల దూరంలో ఉంటుంది.

మేము వెళ్ళిన అద్దకశాల పెద్దదేమీ కాదు. రేకుల కప్పు, పొడవాటి బల్లలు నాలుగు, వాటి మీద అనేక మడతల గోనె, దుప్పటి. ఒక గోడ పొడుగునా చెక్క అచ్చుల గుట్ట. మేస్త్రి గారికి డెబ్బై ఏళ్ళుంటాయి. చేతి వేళ్ళ సందుల్లో నలుపు చర్మంలో భాగమైపోయింది. అమ్మీ సంచిలోంచి దాదీ దస్తర్ఖాన్ తీయబోతే, “ముందు పని చూడండమ్మా, గుడ్డ తరువాత చూద్దాం” అన్నారు.

మిల్లు నుంచి గానీ మగ్గం నుంచి గానీ వచ్చిన గుడ్డలో గంజి, జిడ్డు ఉంటాయి. దానిని పేడనీళ్ళలో నానబెట్టి, ఉతికి, ఎండలో ఆరేసి, మళ్ళీ తడిపి, మళ్ళీ ఆరేసి తెల్లబరుస్తారు. ఈ మాట వినగానే అమ్మీ ముఖంలో ఒక నీడ కదలడం చూశాము. ఆ గుడ్డ మీద తిండి పెట్టుకుంటాము. జానమాజుగా కుట్టించుకునేవారూ ఉంటారు. ఆమె సంకోచిస్తూనే అడిగింది. మేస్త్రి గారు నొచ్చుకోలేదు. అటువంటి ప్రశ్న ఆయన ఇంతకు ముందూ విని ఉంటారు. “కాలువ దగ్గరకు రండమ్మా” అని తీసుకువెళ్ళారు. ఇద్దరు మనుషులు మోకాటి లోతు నీటిలో నిలబడి గుడ్డను ప్రవాహానికి వదులుతున్నారు, లాగుతున్నారు, బండకు కొడుతున్నారు, మళ్ళీ వదులుతున్నారు. తెల్లబరిచాక ఒకసారి, అచ్చు వేశాక ఒకసారి, ఉడకబెట్టాక మరొకసారి. ప్రతిసారీ పారే నీటిలోనే. నిలువ నీటిలో ఉతికితే వదిలిన రంగు పక్క చోటుకు అంటుకుంటుందట. పారే నీటి సంగతి తెలిసిన అమ్మీకి ఇక అడగవలసింది ఏమీ మిగలలేదు.

తెల్లబడిన గుడ్డకు ఆ తరువాత కరక్కాయ తాగిస్తారు. కాయలను దంచి, పొడిని నీటిలో కలిపి, గుడ్డను ముంచి పిండి ఆరబెడతారు. ఆరిన గుడ్డ లేత పసుపు రంగులో ఉంటుంది. చూడటానికి ఏమీ జరిగినట్టుండదు.

నలుపు తయారీ మరొక చోట. మూతి కట్టిన కుండలో తుప్పు పట్టిన మేకులు, గుర్రపు నాడాలు, ఇనుప రద్దు, వాటి మీద బెల్లం నీళ్ళు. పదిహేను, ఇరవై రోజులు పులియాలి. పులిసిన నీటిని కసిం అంటారు. మూత తీస్తే ముక్కు పుటాలు అదిరాయి. ఆ నీరు నల్లగా ఉండదు, మురికి గోధుమ రంగులో ఉంటుంది. మేస్త్రి గారు మామూలు తెల్లగుడ్డ ముక్క మీద ఒక చుక్క వేశారు. తుప్పు మరక పడింది. తరువాత కరక్కాయ తాగిన గుడ్డ మీద అదే కుండ నుంచి ఒక చుక్క వేశారు. మా కళ్ళ ముందే ఆ చుక్క బూడిద రంగై, క్షణాల్లో కాటుకలా నల్లబడింది.

“ఇంతే బాబూ. నలుపు కుండలో లేదు, కాయలో లేదు. రెండూ కలిసిన చోట పుడుతుంది. దారంలోపల పుడుతుంది కాబట్టి కడిగితే పోదు. మీరు కొన్నదాని మీద రంగు పైన పూశారు. పైన పూసింది పైనే పోతుంది.”

అబ్బాయి ఆ రెండు ముక్కలూ అడిగి తీసుకున్నాడు. అమ్మీ మాత్రం మరేదో ఆలోచిస్తూ ఉండిపోయి, కాసేపటికి, “మా అబ్బాజాన్ సిరా ఇలాగే కాచేవారు” అంది.

మాకు ఆ సంగతి అంతవరకూ తెలియదు. మా నానా ఒక పల్లె మక్తబ్‌లో పిల్లలకు అలిఫ్ బే నేర్పేవారు. కరక్కాయలు దంచి కాచి, వడగట్టి, అన్నభేది కలిపి, తుమ్మబంక వేసి సిరా చేసేవారట. రెల్లు కలం దానిలో ముంచి పలక చెక్కల మీద వ్రాయించేవారట. అన్నభేది అంటే ఇనుప లవణమే. అంటే గుడ్డ మీద నలుపూ, మక్తబ్ సిరా ఒకటే. మన దేశం వెలుపల, పడమటి ముస్లిం దేశాలలో కరక్కాయకు బదులు మాజూఫలం, అంటే సింధూర వృక్షపు బుడిపె, దానికి ఇనుప లవణం కలిపి సిరా కాచేవారు. మసితో చేసిన సిరాతో పాటు ఆ సిరాతోనూ ఎన్నో గ్రంథాలు వ్రాశారు. కలంకారీ అన్న పేరులో కలం ఎందుకుందో మేము అంతవరకూ ఆలోచించలేదు. చెక్క అచ్చు వేసినా, పదునైన వెదురు పుల్లతో గీసినా, అది సిరాతో గుడ్డ మీద చేసిన వ్రాతే. శ్రీకాళహస్తిలో ఇప్పటికీ పుల్లతోనే వ్రాస్తారు. బందరు, పెడనలలో అచ్చు.

ఎరుపు సంగతి త్వరగా చెబుతాము. పటికను చింతగింజల జిగురులో కలిపి అచ్చు వేస్తారు. కనిపించడానికి కాస్త రంగు కలుపుతారు గానీ పటికకు సొంత రంగు లేదు. గుడ్డను రాగి గంగాళంలో ఎర్రని వేరు కషాయంలో ఉడకబెడితే, పటిక ఉన్న చోటే ఎరుపు పట్టి, మిగతాది కాలువలో వదిలిపోతుంది. పూర్వం ఆ ఎరుపు చిరివేరుది. ఈ తీరపు ఇసుక నేలల్లో, గవ్వల సున్నం కలిసిన చోట మంచి చిరివేరు దొరికేది. 1618 ప్రాంతంలో బందరు వచ్చిన ఆంగ్ల వర్తకుడు విలియం మెథ్‌వోల్డ్ కూడా ఈ నేల రంగువేరును మెచ్చుకున్నాడు. 1869 నాటికి జర్మన్ రసాయన శాస్త్రవేత్తలు అటువంటి ఎరుపును ప్రయోగశాలలో తయారు చేశారు. ఇప్పుడు పెడనలో ఎక్కువ ఎరుపు ఆ డబ్బాలోదే. మేస్త్రి గారు దానిని దాచలేదు. “వేరు తవ్వేవాళ్ళు లేరు. ఎరుపు డబ్బాది. నలుపు మాత్రం మాదే” అన్నారు. నగరంలోని దుకాణం చెప్పిన మాట కంటే ఈ మాటకు మేము ఎక్కువ విలువ కట్టాము.

పసుపుకు దానిమ్మ తొక్క, కరకపువ్వు. కరకపువ్వని పేరే గానీ, అది కూడా పురుగు కుట్టగా ఆకు మీద లేచిన బుడిపె. కర్కాటకశృంగి లాంటిదే. మేము దుకాణంలో చూసిన కొమ్ము, బుఖారా పట్టుకు రంగు పట్టించిన బుడిపె, ఈ పెడన పసుపు, అన్నీ గాయపడిన చెట్లు దాచుకున్న వగరే.

చివరికి దాదీ దస్తర్ఖాన్ బల్ల మీద పరిచారు. మేస్త్రి గారు కళ్ళద్దాలు తుడుచుకొని వంగి చూశారు. అంచున తీగ, నడుమ మామిడి పిందెల వరుస. ఇరానీలు బుతే అంటారు, ఉర్దూలో కైరీ, అంటే పచ్చి మామిడి. మనుషుల బొమ్మలు, జంతువుల బొమ్మలు లేవు. కుతుబ్‌షాహీల కాలం నుంచీ బందరు అద్దకం ఇరానీ కొనుగోలుదారుల అభిరుచికి అలవాటుపడింది. తీగలు, పువ్వులు, సర్వవృక్షాలు, మిహ్రాబ్ ఆకారం గల నమాజు గుడ్డలు ఇక్కడ తయారై ఓడలెక్కేవి. 1606లో డచ్చివారు, 1611లో ‘గ్లోబ్’ ఓడ మీద ఆంగ్లేయులు వచ్చి ఇక్కడ కోఠీలు పెట్టకముందే ఈ రేవుకూ ఇరాన్, అరేబియా రేవులకూ రాకపోకలున్నాయి. ఫ్రాన్సు 1686లో, ఇంగ్లండు 1721లో తమ నేతగాళ్ళను కాపాడుకోవడానికి ఇటువంటి భారత అద్దకాలను చట్టం పెట్టి నిషేధించాయి. ఐరోపా తలుపు వేసినా ఇరాన్ తలుపు 20వ శతాబ్దపు తొలి దశాబ్దాల దాకా తెరిచే ఉంది. ఇస్ఫహాన్‌లో నేటికీ ఘలంకార్ పేరిట చెక్క అచ్చులతో గుడ్డలు అద్దుతున్నారు. అక్కడ గుడ్డకు దానిమ్మ తొక్క వగరు పట్టిస్తారు.

“చిల్లులు చూశారా?” అన్నారు మేస్త్రి గారు.

చూశాము గానీ ఎప్పుడూ గమనించలేదు. చిల్లులన్నీ నల్లగీతల వెంటే ఉన్నాయి. ఎర్రని పిందె నిండుగా ఉంది, దాని చుట్టూ ఉన్న నల్లని అంచు మాత్రం రాలిపోయింది. అది ఎలుకల పని అని మేము అనుకునేవాళ్ళం. ఇనుము ఏళ్ళ తరబడి నూలును మెల్లగా తింటుందట. కడిగితే పోని నలుపు, చివరికి గుడ్డనే తీసుకుపోతుంది.

“బాగు చేయడానికి లేదా?” అని అమ్మీ అడిగింది.

“లేదమ్మా. కుట్టు వేస్తే పక్కన చిరుగుతుంది. తడపకండి, మడత మీద మడత పెట్టకండి, చుట్టి ఉంచండి. ఇలాంటిదే కొత్తది కావాలంటే...” అని ఆయన గోడ వారనున్న గుట్టలో వెదకడం మొదలుపెట్టారు. పావుగంట తరువాత ఒక టేకు అచ్చు తెచ్చి దస్తర్ఖాన్ పక్కన పెట్టారు. ఎరుపు పిందె అచ్చు, సరిగ్గా అతికింది. దాని జోడు నలుపు అచ్చును చెదలు తిన్నాయట. కొత్తది చెక్కించాలి. చెక్కేవారు ఊళ్ళో తక్కువే ఉన్నారు. తెర మీద రంగు లాగే పని త్వరగా అవుతుంది, చవక, అందువల్ల కుర్రవాళ్ళు అటు పోయారు. అచ్చు చెక్కాలంటే నమూనా కావాలి. నమూనా అంటే ఈ గుడ్డే. దీనిని కొన్నాళ్ళు ఇక్కడ వదిలి వెళ్ళాలి.

అమ్మీ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. పెళ్ళయి వచ్చిన మొదటి ఈద్‌కు ఆ గుడ్డ మీదనే ఆమె మా ఇంట్లో మొదటి ముద్ద తిన్నది. దాదీ పోయాక ఆమె దానిని ఎవరి చేతికీ ఇవ్వలేదు. మేము అడ్డుపడలేదు, తొందరపెట్టలేదు. ఆమె గుడ్డను మేస్త్రి గారు చెప్పినట్టే మడవకుండా చుట్టి, తన దుపట్టాలో పెట్టి, ఆయన చేతికి ఇచ్చింది. “ఇది మా అత్తమ్మది అన్నయ్యా” అంది. ఆయన రెండు చేతులతో అందుకున్నారు.

మధ్యాహ్నం బందరులో గడిపాము. జుహర్ నమాజు చేసుకొని, లడ్డు కొనుక్కొని, కోట వైపు వెళ్ళాము. డచ్చివారి సమాధులు మిగిలి ఉన్నాయి. వాటి మీది చెక్కుడు రాతపని ఆశ్చర్యం గొలిపేటంత సన్నం. ఇక ఓడల కోలాహలం ఊహకే. 1864 నవంబరు 1 రాత్రి వచ్చిన ఉప్పెన ఈ పట్టణంలో, పరిసరాల్లో ముప్పై వేల మందిని పొట్టన పెట్టుకున్నది. రేవు మేట వేసింది. హజ్ యాత్రికులు ఒకప్పుడు ఎర్ర సముద్రానికి ఓడ ఎక్కిన తీరం ఇదేనని చెబితే, అబ్బాయి బురదనూ మడచెట్లనూ చూసి నమ్మలేదు.

కరకచెట్టు కోసం కూడా వెదికాము. ఊరంతా అడిగినా ఒక్కటీ చూపలేకపోయారు. ఈ డెల్టా నేలలో అది పెరిగేది కాదు. కొండ అడవుల్లో గిరిజనులు ఏరి తెచ్చే సరుకు. బుత్మ్ లాగే అది కూడా మాకు కాయగానే తెలుసు, నీడగా తెలియదు. కాలువ గట్టున నీరు, కొండల నుంచి కాయ, పాత ఇనుప సామాను నుంచి తుప్పు, ఇరాన్ నుంచి నమూనా. ఇన్ని చోట్ల నుంచి వచ్చినవి కలిస్తే దాదీ దస్తర్ఖాన్ అయింది.

పోయిన వారం మేస్త్రి గారు ఫోను చేశారు. అచ్చు చెక్కడం పూర్తయింది, దస్తర్ఖాన్ పదిలంగా ఉంది, గుడ్డ తెల్లబరుస్తున్నారు. కానీ ఉదయం మంచు విడవడం లేదు, ఎండ చాలడం లేదు. తొందరపడి కరక్కాయ తాగిస్తే నలుపు సరిగా నిలవదట. రమజాను నాటికి అందుతుందో లేదో మాట ఇవ్వలేనన్నారు.

“తొందర లేదని చెప్పండి. ఈసారికి తెల్ల దుప్పటి పరుద్దాం” అంది అమ్మీ.